కొండ మీద నేను చెప్పిన దూరం

షారోనూ, జోయెల్, మీ ఇద్దరికీ ఒక సంగతి చెప్పాలి. చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియదు. మీ అమ్మకి తెలియదు, మా పాస్టరు గారికి తెలియదు. మీ తాతయ్యకి తెలియకుండానే ఆయన వెళ్లిపోయారు. ఎంత బరువని అడిగితే ఏం చెప్పను? ప్రార్థనకి మోకరించిన ప్రతిసారీ చిన్నా పెద్దా అన్నీ ఒప్పుకునేదాన్ని. దీని దగ్గరికి వచ్చేసరికి ఆమేన్ అనేసి లేచిపోయేదాన్ని. అంత బరువు.

ముందు కాగితం మీద రాసుకుంటున్నాను. రాసింది ఫోన్‌లో చదివి మీకు పంపుతాను. మీకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు కదా. రాయకుండా నేరుగా చెప్పేయొచ్చు. కానీ నా సంగతి నాకు తెలుసు. గొంతు తడబడగానే, వాంకోవర్‌లో వాన పడుతోందా, ఏం తిన్నారు అని అడిగి మాట మార్చేస్తాను. కాగితం మీద ఉంటే తప్పించుకోలేను.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మొన్న వీడియో కాల్‌లో మళ్లీ అదే అబద్ధం ఆడాను కాబట్టి.

షారోనూ, నువ్వు మ్యాప్ తెరిచి చూపించావు. సెప్టెంబరులో నువ్వూ తమ్ముడూ స్పెయిన్ వెళ్తున్నామన్నావు. తాతయ్య ఏ కొండ ఎక్కలేక ఆగిపోయారో అదే కొండకి సైకిళ్లు తీసుకెళ్తామన్నావు. ఆయన ఆగిన చోట కాసేపు నిలబడి ప్రార్థన చేసుకుని, అక్కడి నుంచి పైదాకా ఆయన తరఫున తొక్కుతామన్నావు. సరిగ్గా ఎక్కడ ఆగారని ఇంగ్లీషులో అడిగావు. బాణం గుర్తు రోడ్డు మీద కదుపుతూ, ఇక్కడా, ఇక్కడా అన్నావు. బాణం సరైన చోటికి వచ్చింది. దాన్ని నేను గుర్తుపట్టాను. పక్కన రాతి తొట్టి ఉన్న మలుపు అది. అయినా నేనేమన్నాను? ఇంకా కిందికి పోనివ్వు అన్నాను. ఇంకా కిందికి, ఇంకా కిందికి అంటూ సగం కొండ దించేశాను. నువ్వు అక్కడ ఎర్ర గుర్తు పెట్టుకుని థాంక్యూ అమ్మమ్మా అన్నావు.

ఆ గుర్తు తప్పు. మీరిద్దరూ వెళ్లి ఒక తప్పు చోట కళ్లు మూసుకుని తాతయ్య కోసం ప్రార్థన చేస్తారు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

మొదటి నుంచి చెబుతాను.

మీ తాతయ్యకి సైకిలంటే ఎంత ఇష్టమో మీకు సగమే తెలుసు. మీరు కాస్త పెద్దవాళ్లయ్యేసరికే ఆయన మానేశారు. మాది నరసాపురం వైపు. నీళ్లు పోస్తే అటూ ఇటూ పోకుండా నిలబడేంత చదునైన నేల. కాలవ గట్టు మీద సైకిలు తొక్కిన మనిషి కెనడాలో ఈ కేంబ్రిడ్జ్ వచ్చి, ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఫ్రాంక్ అనే తోటి ఉద్యోగి పుణ్యమా అని రోడ్డు సైకిలు మరిగాడు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్, పెడల్‌కి అతుక్కుపోయే బూట్లు. ప్రతి శనివారం పొద్దున్నే ఆ బూట్లతో గరాజ్‌లో టక్కుటక్కుమని నడిచేవారు. చలికాలంలో బేస్‌మెంట్‌లో సైకిల్ని స్టాండుకి బిగించి తొక్కేవారు. పైన వంటగదిలో నా కాళ్ల కింద ఆ చక్రం హోరు వినిపిస్తూనే ఉండేది. అది వింటూ కూర తరుక్కునేదాన్ని.

రిటైరయ్యాక, ఫ్రాంక్ గుంపుతో కలిసి స్పెయిన్‌లో రియోహా అనే ప్రాంతానికి ప్రయాణం పెట్టుకున్నారు. అదంతా కొండలూ ద్రాక్షతోటలూ. ఒక ఏడాది పాటు లాప్‌టాప్ ముందు కూర్చుని ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు అని చూసుకున్నారు. భోజనం దగ్గర కూడా అదే మాట. ఫలానా చోట రోడ్డు గోడలా నిలబడుతుందిట, ఆ పైకి చేరితే కిందనున్న తోటలన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయిట. అది చూశాక ఇక సైకిలు గోడకి తగిలించేసినా ఫరవాలేదు అనేవారు. ఆ గుంపుకి సామాన్లు, నీళ్లు, తిండి మోసే వ్యాన్ ఒకటి కావాలి. దాన్ని నడపడానికి నన్ను రమ్మన్నారు. నేనూ హాస్పిటల్లో నర్సు ఉద్యోగం వదిలి ఇంట్లోనే ఉన్నాను. సరేనన్నాను. సంతోషంగానే వెళ్లాను, ఆ మాట దాచకూడదు.

అక్కడ ద్రాక్షకి పందిళ్లు ఉండవమ్మా. మోకాలెత్తు మొక్కలు, నల్లటి మొండేలు, వాటి మీద లేతాకులు. ఎర్రమట్టి. కొండల మీద బంగారు రంగు రాతి ఊళ్లు. ఊరికొక చర్చి గోపురం. ఉత్తరాన మాత్రం పొడుగాటి బూడిదరంగు కొండల వరస, దాని తల మీద ఎప్పుడూ మబ్బు. వాళ్లు తొక్కుకుంటూ వెళ్లేవారు, నేను ముందు వెళ్లి ఎక్కడో చెట్టు కింద ఆగి, పులిహోర డబ్బాలు తీసి ఎదురుచూసేదాన్ని. ఫ్రాంక్‌కి పులిహోర తెగ నచ్చింది.

కొండ ఎక్కే ముందు రోజు మధ్యాహ్నం, తొక్కడం అయిపోయాక, అందరం ఒక వైన్ చేసే చోటికి వెళ్లాం. నేలమాళిగలో చల్లగా ఉంది. ఒకావిడ అందరికీ గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసింది. నా ముందూ పెట్టింది. మన తెలుగు బైబిల్లో వైన్‌ని ద్రాక్షారసం అనే అంటారు. మన చర్చిలో సంస్కారం బల్ల దగ్గర ఇచ్చే జ్యూస్‌నీ ద్రాక్షరసమనే అంటాం. నా బుర్రలో రెండూ ఒక్కటే. అందుకని తాతయ్య వైపు వంగి, ఆయనకి మాత్రమే వినపడేలా అడిగాను.

“ఏవండీ, ఇది ద్రాక్షరసమా, వైనా?”

ఆయన పగలబడి నవ్వారు. ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి అందరికీ వినిపించారు. మా ఆవిడ ఇది చర్చి రకమా కాదా అని అడుగుతోంది అన్నారు. అందరూ నవ్వారు. ఆ పోసినావిడకి కూడా ఎవరో స్పానిష్‌లో చెబితే ఆవిడా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. నేనూ నవ్వాను. ఎప్పుడూ తాగని మనిషి ఆ గ్లాసు ఎత్తి, నా వైపు చూడకుండా, వాళ్ల వైపు చూస్తూ గుటక వేశారు.

తాగినందుకు కాదు నాకు మంట. చెవిలో అడిగిన మాటని తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడే, అందుకు. మీకు ఇది చాలా చిన్న విషయంగా అనిపిస్తుంది. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం, ఇన్నాళ్ల శనివారాలన్నీ, బేస్‌మెంట్‌లో ఆ హోరంతా, వాళ్లతో ఆయన నవ్విన నవ్వులన్నీ ఆ గ్లాసులోకి వచ్చి చేరినట్టయింది.

మర్నాడు కొండ.

ఆయన ఏడాదిగా చూసిపెట్టుకున్న రోడ్డుని మరమ్మతుకి మూసేశారు. హోటలతను ఇంకో రోడ్డు చెప్పాడు. అది ఎంత పొడుగో, ఎన్ని మలుపులో ఆయనకి తెలియదు. ఫోన్ నా సంచీలో పెట్టేసి బయల్దేరారు. నేను ఎప్పటిలాగే వ్యాన్ తీసుకుని ముందు పైకి వెళ్లాను. ఫ్రాంక్ వాళ్లు ఒక్కొక్కరే వచ్చి హెల్మెట్లు తీసి గడ్డి మీద కూలబడ్డారు. తాతయ్య రాలేదు. చూసొస్తానని చెప్పి వ్యాన్ కిందికి దింపాను.

ఎంతో దూరం దిగలేదు. ఒక్క మలుపు. రాతి తొట్టి పక్కన, ఒక కాలు నేల మీద ఆనించి, హ్యాండిల్ మీద తల వాల్చి నిలబడ్డారు. చుట్టూ చెట్లు, పైన మబ్బు. ఆయనకి పైభాగం కనిపించే వీలు లేదు.

ఇక్కడ మీకు ఒకటి గుర్తు చేయాలి. కారులో ఎటు వెళ్లినా, ఇంకా ఎంతసేపు అని మీరడిగితే నేను ఏమంటానని మీరు ఎగతాళి చేసేవారు? ఇక్కడే, దగ్గరే, వచ్చేశాం. మా వైపు అందరం అంతే. దారి అడిగినవాడికి నడిచే ఓపిక పోకూడదని, ఊరు ఎంత దూరమున్నా ఆ కనబడేదే అంటాం. మీ తాతయ్యతో నా కాపురమంతా అలాగే గడిచింది. 401 హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయి గంటలు గడిచినా నా నోట్లోంచి వచ్చేది దగ్గరే అన్న మాటే. అది ఆయనకి బాగా తెలుసు.

ఆయన వెనకాలే పైకి వద్దామని, దాటి వెళ్లి కింద వ్యాన్ తిప్పుకొచ్చి ఆపాను. దిగి దగ్గరికి వెళ్లాను. ఆయన తల ఎత్తారు.

“ఇంకా ఎంతుందోయ్?”

“చాలా ఉందండి.”

“చాలా అంటే?”

“ఇప్పటిదాకా ఎక్కారే, ఇంకా అంత.”

నవ్వబోయారు. ఊపిరి చాలలేదు. “నాతో జోకులా?”

“జోకెందుకేస్తానండీ.”

నా మొహంలోకి చూశారు. అప్పుడన్నారు ఆ మాట. “నువ్వే చాలా ఉందంటున్నావంటే, నిజంగా చాలా ఉన్నట్టే.”

నేను ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూశాను. ఎంతమందికి చూసి ఉంటానో ఆ చేత్తో. కొండ ఎక్కుతున్న మనిషికి ఎలా కొట్టుకోవాలో అలాగే కొట్టుకుంటోంది. వేగంగా, కానీ గుర్రంలా, తప్పటడుగు లేకుండా. “నాకు నచ్చట్లేదండి, ఇక వద్దు” అన్నాను.

“నీ మాట ఎప్పుడు కాదన్నాను,” అని రెండో బూటు కూడా పెడల్ నుంచి విడిపించారు.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పినా దండగే. వ్యాన్ మొహం పైకి ఉంది, అక్కడ మళ్లీ కిందికి తిప్పడానికి చోటు చాలదు. కొంచెం పైకి వెళ్తే తరువాతి మలుపు దగ్గర వెడల్పుగా ఉంది, హాయిగా తిప్పొచ్చు. కానీ అక్కడిదాకా వెళ్తే పైన గడ్డి మీద కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. అందుకని ఆ ఇరుకులోనే ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ ఆడించి తిప్పాను. ఆయన పక్కన కూర్చుని, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని, “డ్రైవింగ్ బాగా వచ్చేసిందోయ్ నీకు” అన్నారు.

కోపంలో నోరు జారిందని చెప్పుకోవచ్చు. మరి చేతులు? చేతులు అంతసేపు స్టీరింగ్ తిప్పాయే, వాటికేం చెప్పను?

హోటలుకి వచ్చాక ఫ్రాంక్‌కి ఫోన్ చేసి, ఒంట్లో బాగోలేక తీసుకొచ్చేశానని చెప్పాను. సాయంత్రం వాళ్లు వచ్చి ఎక్కడిదాకా వచ్చావని అడిగితే సగం కొండ అన్నారు తాతయ్య. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను చెప్పింది నమ్మి లెక్క వేసుకున్నారు. ఎవరూ మారు ప్రశ్న వేయలేదు, జాలిపడ్డారు. మీరు చిన్నప్పటి నుంచి విన్న ఆ సగం కొండ అలా పుట్టింది. నా నోట్లోంచి.

నేనేమనుకున్నానంటే, ఒక్క రోజు ఆయన కూడా చిన్నబోతే చాలనుకున్నాను. తరువాత చెప్పేద్దామనుకున్నాను. విమానంలో చెప్పొచ్చు. ఇంటికి వెళ్లాక నవ్వుతూ చెప్పొచ్చు, మీరు నన్ను ఏడిపించారు, నేను మిమ్మల్ని ఏడిపించాను, సరికి సరి అని. కానీ ఆ మనిషి చిన్నబోయి ఊరుకోలేదు. భయపడ్డారు. తన గుండె పాడైందని గట్టిగా నమ్మారు. డాక్టరు పరుగెత్తే మెషీను మీద పరీక్ష చేసి అంతా బాగుందంటే, మా ఆవిడ నాడి చూసి చెప్పింది, మీ మెషీన్ కంటే ఆవిడకి బాగా తెలుసు అని వచ్చేశారు. సైకిల్ని చర్చికి వచ్చే ఒకాయనకి ఇచ్చేశారు. మంచు తీయడం మానేశారు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని నిలబడేవారు. ఆయాసమేమీ లేదు. ఎందుకైనా మంచిదని ఆగేవారు.

శనివారాలు నాకు దొరికాయి. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధి చూసే మనిషితో.

అదీ చాలదు. మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టాం. మిస్సిసాగా నుంచి కూడా నాలుగు కుటుంబాలు వచ్చాయి. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పమంటే మీ తాతయ్య లేచి నిలబడ్డారు. ఎప్పుడూ చెప్పే మనిషి కాదు. స్పెయిన్ కొండ మీద దేవుడు నా భార్య నోటితో నాతో మాట్లాడాడు అన్నారు. ఎంత దూరమున్నా దగ్గరే అనే మనిషి ఆ రోజు దూరం అంది, లేకపోతే ఆ కొండ మీదే నా ప్రాణం పోయేది అన్నారు. హాల్లో అందరూ ఆమేన్ అన్నారు. నేను టీ కప్పుల ట్రే పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. నేనూ అన్నాను. నెమ్మదిగా కూడా కాదు, అందరితో పాటు వినపడేలా అన్నాను.

ఆ తరువాత ఇక ఎలా చెప్పను? కొండ ఒక్కటే అయితే ఏదోలా చెప్పేదాన్నేమో. ఇప్పుడు దేవుడు కూడా నా అబద్ధంలోకి వచ్చేశాడు. ఆయన ఆ సాక్ష్యం ప్రతి ఏడూ చెప్పారు. ప్రతి ఏడూ నేను ఆమేన్ అన్నాను. కొత్తగా కాలేజీకి వచ్చిన పిల్లలెవరైనా ఇంటికి వస్తే వాళ్లకీ చెప్పేవారు. అలా చెప్పేటప్పుడు నా వైపు చూసే చూపు ఉండేది, పెళ్లయిన కొత్తలో కూడా అలా చూడలేదు. నిజం చెబుతున్నాను, ఆ చూపు నాకు బాగుండేది. చెప్పకపోవడానికి అది కూడా ఒక కారణం. అసలు అదే పెద్ద కారణమేమో.

చివర్లో ఆయనకి వచ్చిన జబ్బు గుండెది కాదు, మీకు తెలుసు. ఆఖరి రోజుల్లో హాస్పిటల్లో డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, చాలా మెత్తగా చెప్పింది. ఈయన గుండె చాలా గట్టిదమ్మా, అందుకే ఇంకా తట్టుకుంటున్నారు అంది. మంచి మాటే అనుకుని చెప్పింది పాపం. లోపలికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. అదే మణికట్టు. మందు మత్తులో ఉన్నారు. ఏవండీ, ఆ రోజు కొండ మీద, అని మొదలుపెట్టాను. ఆయన కళ్లు తెరవకుండానే నా వేళ్లు నొక్కారు. ఊరుకో అన్నట్టో, తెలుసు అన్నట్టో, ఏమీ కాదో. నేను ఆగిపోయాను. ఆయన ఆపారని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఆయన ఆపలేదు. నొక్కారంతే. ఆగింది నేను.

భయంతో చేశానని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆయన ఆరోగ్యం కోసమే కదా, భార్యగా నా బాధ్యత కదా అని. భయపడే అవసరం లేదని నా వేళ్లకి తెలుసు. మరి ఎందుకు? ఒక నవ్వుకా? ఒక్క నవ్వుకి ఒక మనిషి మిగతా జీవితమంతా అంత జాగ్రత్తగా, అంత మెల్లగా బతకాలా? ఆయన మీద ప్రేమ లేదా నాకు? ఉంది. ఉండగానే చేశాను. ఇది నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. మీకు చెప్పగలిగేలా లేదు.

కాబట్టి షారోనూ, ఆ ఎర్ర గుర్తు తీసేయి. పైకి జరుపు. ఇంకా పైకి. చెట్ల మధ్యలో ఎడమవైపు రాతి తొట్టి ఉన్న మలుపు వస్తుంది, దాంట్లోకి సన్నగా నీళ్లు పడుతుంటాయి. ఆయన ఆగింది అక్కడ. అక్కడ సైకిలెక్కితే మీకు తొక్కడానికి ఏమీ ఉండదమ్మా. పెడల్ మీద రెండో కాలు పెట్టి కుదురుకునేలోపే పైకి వచ్చేస్తారు. ఎందుకింత దగ్గర అని మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది మీరు అక్కడికి వెళ్లి తెలుసుకోకూడదు. నా దగ్గరే తెలుసుకోవాలి.

మీకు కోపం వస్తే రానివ్వండి. తగ్గించుకోమని అడగను. నాకు వెంటనే ఫోన్ చేయకండి, చేస్తే నేను ఏడుస్తాను, నేను ఏడిస్తే మీరు ఓదారుస్తారు. అలా వద్దు. మీ అమ్మకి నేనే చెబుతాను. కూడికలో కూడా నిలబడి చెప్పాలి, ఆ ఆమేన్ వెనక్కి తీసుకోవాలి. దానికి ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు.

రాసింది ఇప్పుడే ఒకసారి పైకి చదువుకున్నాను. మన ఇంట్లో అందరం, నాతో సహా, తాతయ్య ఆ కొండ ఎక్కలేకపోయారనే అంటూ వచ్చాం. ఆయనా అదే అనుకుంటూ పోయారు. ఎక్కలేకపోవడం కాదు. నేను ఎక్కనివ్వలేదు. ఈ మాట నా గొంతుతో నేను విన్నది ఇదే మొదటిసారి.